వైర్లు కాల్చిన మట్టిలో ఏం పండించాలి, ఏం మానాలి

ఒడిశా దక్షిణాన పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం చుట్టుపక్కల ఏ బస్తీ శివారుకి వెళ్ళినా ఒక తుక్కు కొట్టు కనబడుతుంది. పాత టీవీలు, చచ్చిపోయిన ఇన్వర్టర్ బ్యాటరీలు, మిక్సీ మోటార్లు, గుత్తులు గుత్తులుగా కరెంటు వైర్లు. అందులో డబ్బు తెచ్చేది రాగి. రాగి బయటికి రావాలంటే పైనున్న ప్లాస్టిక్ పోవాలి. చేత్తో ఒలిచే ఓపిక లేనివాళ్ళు నిప్పు పెడతారు. ఊరి మధ్యలో పెడితే నలుగురూ తిడతారు కనక చెరువు గట్టు మీదో, మడి మూలనో, పాడుబడ్డ దొడ్డిలోనో పెడతారు. రాగి తీసుకుపోతారు, బూడిద మాత్రం అక్కడే ఉంటుంది. వానొస్తే అది పక్క మడిలోకి దిగుతుంది, ఆ మడిలో ఎవరో తోటకూర చల్లుతారు.

అలాంటి చోటికి పక్కన పెరడో మడో ఉన్నవాళ్ళ కోసం ఇది. ఉత్తరప్రదేశ్‌లో మొరాదాబాద్, ఢిల్లీలో సీలంపూర్, చైనాలో గుయియు వంటి చోట్ల జరిగిన స్థాయి పని మన వైపు లేదు. అక్కడ ఊళ్ళకి ఊళ్ళే సర్క్యూట్ బోర్డులు కాల్చి, యాసిడ్‌లో కడిగి బతికాయి. మన దగ్గర ఉంటే గింటే మచ్చలు మచ్చలుగా ఉంటుంది. కాబట్టి భయపడి పొలమంతా బీడు పెట్టాల్సిన పని లేదు. అలాగని తాతల నాటి నేల కదా, ఏమవుతుందిలే అని ఊరుకోవడమూ కుదరదు. ఆ బూడిదలో ఉండే సీసం, కాడ్మియం అనే విష లోహాలు కుళ్ళిపోయేవి కావు, ఎండకి ఎగిరిపోయేవీ కావు. కాకపోతే మట్టిలో ఉన్నదంతా కంచంలోకి రాదు. ఎంత వస్తుందన్నది ఏ పంట వేశాం, అందులో ఏ భాగం తింటున్నాం, నేల ఎంత ఆమ్లంగా ఉంది అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆ మూడూ రైతు చేతిలో ఉన్నవే.

ముందు చోటు పట్టుకోండి

నేల మీద నల్లగా, జిగటగా, ఎన్ని వానలు పడ్డా గడ్డి మొలవని మచ్చ ఉందేమో చూడండి. చిన్న చిన్న రాగి తీగ ముక్కలు, కరిగి గడ్డకట్టిన ప్లాస్టిక్, పచ్చ బోర్డు ముక్కలు, పాత టీవీ బుడ్డి గాజు పెంకులు కనబడితే అనుమానం అక్కర్లేదు. పాత టీవీ బుడ్డి వెనక భాగం గాజులో సీసం దండిగా ఉంటుంది. పాత బోర్డుల మీద అతికించిన సోల్డరులో మూడో వంతు పైన సీసమే. కాడ్మియం పాత రీఛార్జి సెల్లుల నుంచి, కొన్ని రకాల ప్లాస్టిక్ రంగుల నుంచి వస్తుంది. బ్యాటరీ పగలగొట్టి సీసం కరిగించిన చోటు అన్నిటికంటే చెడ్డది. అక్కడ మట్టి తెల్లగా, బూడిద రంగులో పొడిపొడిగా ఉంటుంది.

మచ్చ దొరికాక వాలు ఎటుందో చూడండి. ఆ నీరు ఏ మడిలోకి పోతుంది, అక్కడి నుంచి ఏ చెరువులోకి? చెరువులో పూడిక తీసి పొలాలకి తోలుకునే అలవాటు మనకి ఉంది. గట్టు మీద వైర్లు కాల్చిన చెరువు పూడిక మాత్రం పరీక్ష చేయించకుండా తోలకండి. మంచి నేలని డబ్బిచ్చి పాడు చేసుకున్నట్టు అవుతుంది.

రిపోర్టు వచ్చే లోపల

పరీక్షకి వారాలు పట్టొచ్చు. ఈ లోపల చేయాల్సినవి కొన్ని ఉన్నాయి.

ఆ మచ్చ మీద పిల్లల్ని ఆడనివ్వకండి. బూడిదని చీపురుతో పొడిగా ఊడవకండి, తడిపి పైన టార్పాలిన్ కప్పి అంచులకి రాళ్ళు పెట్టండి. వాన నీరు కొట్టుకుపోకుండా చుట్టూ చిన్న గట్టు వెయ్యండి. ఆ బూడిదని ఎరువని చెప్పి పొలంలో చల్లడం, గత్తం కుప్పలో కలపడం అసలు వద్దు. పొయ్యి బూడిద మొక్కలకి మంచిదే, వైర్ల బూడిద వేరు.

నాటు కోళ్ళ సంగతి చాలామందికి తట్టదు. కోడి రోజంతా మట్టి గీరి తింటుంది. వైర్ల మీది పీవీసీ ప్లాస్టిక్ కాలితే డయాక్సిన్లు అనే విష రసాయనాలు పుడతాయి, పక్కనే రాగి ఉండడం వల్ల ఇంకా ఎక్కువ పుడతాయి. అవి కొవ్వులో కరుగుతాయి కాబట్టి గుడ్డు పచ్చసొనలో చేరతాయి. ఘనాలో అగ్‌బోగ్‌బ్లోషీ అనే తుక్కు బస్తీ దగ్గర తిరిగే కోళ్ళ గుడ్లని పరీక్షిస్తే డయాక్సిన్లు పరిమితికి ఎన్నో రెట్లు ఎక్కువ ఉన్నట్టు 2019లో బయటపడింది. ఆకుకూర మానేసి ఆ కోడి గుడ్డు పిల్లాడికి పెడితే ఏం లాభం? కోళ్ళని అటు పోనివ్వకుండా కంచె కట్టండి, ఆవుల్ని ఆ గడ్డికి వదలకండి.

మట్టి తీయడం

ఇక్కడ ఓపిక కావాలి, ఎందుకంటే తప్పుగా తీసిన మట్టికి ఎంత మంచి ల్యాబ్ అయినా తప్పు జవాబే చెబుతుంది.

మట్టిని కనీసం నాలుగు సంచులుగా విడివిడిగా తీయండి. ఒకటి కాల్చిన మచ్చది, ఒకటి దానికి దిగువన నీరు చేరే చోటిది, ఒకటి మీరు కూర పండించే మడిది, ఇంకొకటి గాలికి ఎదురు దిక్కున దూరంగా, ఎప్పుడూ ఏమీ కాల్చని చోటిది. నాలుగోది ఎందుకని ల్యాబ్ ఖర్చు చూసి అనిపిస్తుంది. అది లేకపోతే వచ్చిన అంకె మీ నేల సహజ గుణమో, తుక్కు పుణ్యమో తేల్చలేరు.

ఒక్కో చోట ఎనిమిది, పది గుంటలు తీయండి. మడిలో అయితే జానెడు లోతు వరకు, గుంట పక్క గోడ నుంచి పై నుంచి కింది దాకా ఒకే మందంతో చెక్కు తీయాలి. దున్నని మచ్చ దగ్గర పై రెండంగుళాలు వేరుగా, దాని కిందది వేరుగా తీయండి, లోహం పైపొరలోనే కూర్చుని ఉంటుంది. జింకు పూత పూసినవీ, రంగు వేసినవీ కాకుండా మామూలు ఇనుప బొరిగె వాడండి. ఒక్కో చోటి మట్టిని ప్లాస్టిక్ తొట్టెలో కలిపి, గుండ్రంగా పరిచి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు రెండు పారేయండి. మళ్ళీ కలపండి, మళ్ళీ పారేయండి. అరకిలో మిగిలేదాకా ఇదే పని. నీడలో ఆరబెట్టి, కొత్త ప్లాస్టిక్ సంచిలో వేసి, చోటు, లోతు, తేదీ రాసిన చీటీ బయట అంటించండి. ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్ళేటప్పుడు బొరిగె, తొట్టె కడగడం మరిచిపోకండి.

ఎక్కడ పరీక్ష చేయించాలి, ఏమడగాలి

మీ దగ్గర సాయిల్ హెల్త్ కార్డు ఉందా? 2015 నుంచి ఇస్తున్న ఆ కార్డులో పన్నెండు అంశాలుంటాయి. నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, పీహెచ్ (నేల ఆమ్లమో క్షారమో చెప్పే అంకె, 7కి ఎంత తగ్గితే అంత ఆమ్లం), ఉప్పు గుణం, సేంద్రియ కర్బనం. సీసం, కాడ్మియం, క్రోమియం, పాదరసం లేవు. కార్డులో అంతా పచ్చగా ఉంది కాబట్టి నేల మంచిదని అనుకోకండి, వాళ్ళు ఆ ప్రశ్నే అడగలేదు. అయితే కార్డుని పారేయకండి. మీ మడిలో రాగి, జింకు పక్క మళ్ళకంటే చాలా ఎక్కువ చూపిస్తే అది మంచి ఆనవాలు. తుక్కు కాల్చిన చోట ఈ రెండూ సీసానికి తోడుగా వస్తాయి. పీహెచ్ అంకె తర్వాత పనికొస్తుంది.

లోహాల పరీక్షకి ముందు కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి. గజపతి జిల్లాకి ఆర్.ఉదయగిరిలో, రాయగడ జిల్లాకి గుణుపురంలో, ఇటు శ్రీకాకుళం జిల్లాకి ఆమదాలవలసలో ఉన్నాయి. అక్కడ లోహాలు చూసే మిషను లేకపోతే భువనేశ్వర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయానికో, గుర్తింపు ఉన్న ప్రైవేటు ల్యాబ్‌కో దారి చూపించమనండి. ల్యాబ్ వాళ్ళతో ఈ మాటలు స్పష్టంగా చెప్పాలి: మొత్తం సీసం, మొత్తం కాడ్మియం, రాగి, జింకు, నికెల్, క్రోమియం, వీటితో పాటు పీహెచ్. ఈ ‘మొత్తం’ అన్న మాట ముఖ్యం. మొక్కకి అందే భాగాన్ని మాత్రమే కొలిచే పద్ధతి వేరే ఉంది, అందులో అంకె చాలా చిన్నదిగా వస్తుంది. దాన్ని పరిమితులతో పోల్చి సంబరపడితే మోసపోతాం. డయాక్సిన్ల పరీక్ష మాత్రం సామాన్యుడి జేబుకి అందేది కాదు, వదిలేయండి. కాల్చినట్టు తెలిస్తే ఉన్నాయనే అనుకుని నడుచుకోవడం మేలు.

రిపోర్టులో అంకెలు కిలోకి మిల్లీగ్రాముల్లో ఉంటాయి. పీపీఎం అని రాసినా అదే. దేనితో పోల్చాలి? యూరప్ వాళ్ళు 1986లో సాగు నేలలకి పెట్టుకున్న పరిమితుల్లో కాడ్మియం 1 నుంచి 3, సీసం 50 నుంచి 300, రాగి 50 నుంచి 140, జింకు 150 నుంచి 300, నికెల్ 30 నుంచి 75 అని ఉంది. అమెరికా పర్యావరణ సంస్థ ఇళ్ళ దగ్గరి మట్టిలో సీసం విషయంలో జాగ్రత్త పడాల్సిన అంకెని 2024లో 400 నుంచి 200కి దించింది. నాకు అన్నిటికంటే పనికొచ్చినట్టు అనిపించింది చైనా వాళ్ళ 2018 ప్రమాణం. వరి మడిలో పీహెచ్ 5.5కి లోపు ఉంటే కాడ్మియం 0.3 దాటితేనే జాగ్రత్త పడమంటుంది, అదే పీహెచ్ 7.5 దాటిన నేలలో 0.8 దాకా ఊరుకుంటుంది. సీసానికి కూడా అలాగే, ఆమ్ల మడిలో 80, క్షార మడిలో 240. గజపతి, రాయగడ, కొరాపుట్ మెట్ట భూములు చాలావరకు ఎర్రగా, ఆమ్లంగా ఉంటాయి కాబట్టి కింది అంకెనే మనది అనుకోవాలి.

కూరల మడికి నేను చెప్పే లెక్క ఇది, కాస్త భయస్తుడి లెక్కే అనుకోండి. సీసం 80 లోపు, కాడ్మియం 0.3 లోపు ఉంటే మామూలుగా పండించుకోండి, బాగా కడుక్కుని తినండి. సీసం 80 నుంచి 300 మధ్య ఉంటే గానీ, కాడ్మియం 0.3 దాటి ఒకటికి దగ్గర పడుతుంటే గానీ ఆకుకూరలు, దుంపలు మానేసి కాయలకి మారండి. అంతకి మించితే ఆ మట్టిలో తిండి పంట ఏదీ వద్దు.

ఏ మొక్క ఎంత పీలుస్తుంది

కాడ్మియం మొక్కలోకి దొంగదారిన వెళ్ళదు, సింహద్వారం నుంచే వెళుతుంది. జింకు, మాంగనీసు మొక్కకి కావాల్సినవి. వాటి కోసం వేళ్ళ మీద ఉన్న ద్వారాలు కాడ్మియానికీ వాటికీ తేడా పోల్చుకోలేవు. వరిలో అయితే మాంగనీసు లోపలికి తెచ్చే ఒక ప్రోటీన్ ఈ పని చేస్తుందని తేలింది. జపాన్ శాస్త్రవేత్తలు కోషిహికరి అనే వరిలో ఆ జన్యువుని దెబ్బతీసి, కాడ్మియం దాదాపు పీల్చని రకాన్ని తయారు చేసినట్టు 2012లో ప్రకటించారు. మనం తినే ఇండికా రకాలు సాధారణంగా జపాన్ వరికంటే ఎక్కువే పీలుస్తాయి.

సీసం దారి వేరు. అది మట్టి రేణువులకి అంటుకుపోతుంది, వేరు లోపలికి వచ్చినా ఎక్కువ భాగం వేరులోనే ఆగిపోతుంది. మరి ఆకుకూరలో సీసం ఎలా వస్తుంది? చాలావరకు బయటి నుంచి. ఎగిరే దుమ్ము, వాన చినుకు పడ్డప్పుడు చిమ్మే మట్టి ఆకు మీద అంటుకుంటాయి. తోటకూర, పాలకూర లాంటి నేలబారు కూరల మడతల్లో ఆ మట్టి ఎంత కడిగినా కొంత ఉండిపోతుంది. అంచేత సీసానికి కడగడం పనికొస్తుంది, కాడ్మియానికి పనికిరాదు. కాడ్మియం ఆకు కండలోనే ఉంటుంది. వండినా, వార్చినా, వేయించినా పోదు.

ఇప్పుడు పంటల్లోకి వద్దాం.

మానేయాల్సిన వాటిలో మొదటివి ఆకుకూరలే. తోటకూర, పాలకూర, గోంగూర, మెంతికూర, కొత్తిమీర, ఆవ ఆకు. ఒడియా ఇళ్ళల్లో రోజూ సాగొ (ఆకుకూర) ఉండాల్సిందే, మన ఇళ్ళల్లో పప్పులోకి ఆకు పడాల్సిందే. కాబట్టి మానడం కష్టం, కానీ ఇంటి వెనక ఆ మడి నుంచి వద్దు, బజార్లో కొనండి. తర్వాత దుంపలు: ముల్లంగి, క్యారెట్, బీట్‌రూట్, చేమ. వీటికి మట్టి ఒంటినిండా అంటుకుని ఉంటుంది. తప్పకపోతే తొక్క మందంగా తీసేయండి. వేరుశనగ, పొద్దుతిరుగుడు గింజల్లోకి కాడ్మియం బాగా చేరుతుంది, ఆ మచ్చ దిగువన వెయ్యకండి. పొగాకు ఈ విషయంలో అందరికంటే ముందుంటుంది. చుట్ట తాగే పెద్దాయనకి మట్టి రిపోర్టు చూపించి లాభం లేదనుకోండి.

వేసుకోదగినవి కాయలు, గింజలు. బెండ, చిక్కుడు, బొబ్బర్లు, టమాటా, మిరప. మొక్కజొన్న గింజలోకి కాడ్మియం తక్కువగా చేరుతుంది, గుణుపురం వైపు మెట్టలో ఎలాగూ వేస్తారు కాబట్టి అది మంచి ఎంపిక. మునగ చెట్టు ఉంటే కాడలు తినండి, ఆకు మాత్రం వదిలేయండి.

వంకాయకి ఒక మెలిక ఉంది. కాయ కూరల్లో వంగ కాడ్మియం కాస్త ఎక్కువ తీసుకునే రకం. కొండ ఉస్తి మొక్క మీద వంగని అంటు కట్టి వేస్తే కాయలో కాడ్మియం బాగా తగ్గుతుందని జపాన్‌లో చేసి చూశారు, ఉస్తి వేరు దాన్ని పైకి పోనివ్వదు. ఎండు తెగులు తట్టుకుంటాయని అంటు వంగ నారు నర్సరీల్లో ఇప్పటికే అమ్ముతున్నారు. ఏ వేరు మీద కట్టారో అడిగి, ఉస్తి అయితే తెచ్చుకోండి.

గుమ్మడికి ఇంకో మెలిక. లోహాల వరకు దాని కాయ ఫరవాలేదు. కానీ ప్లాస్టిక్ కాల్చిన చోట మిగిలే డయాక్సిన్లు, పీసీబీలనే క్లోరిన్ రసాయనాల వంటి వాటిని మామూలు మొక్కలు వేళ్ళ ద్వారా పెద్దగా పైకి లాగలేవు. గుమ్మడి, జుకినీ మాత్రం లాగుతాయి, కాయ దాకా చేరుస్తాయి. ఆనప, బీర వాటి చుట్టాలే కనక కాల్చిన మచ్చకి దగ్గర్లో పందిరి వెయ్యకపోవడమే నయం. గడ్డి మొలవని చోట గుమ్మడి పాదు పెడితే కనీసం తీగైనా పాకుతుందని అనుకుంటాం కదా, ఆ ఆలోచన మానుకోవాలి.

వరి మడి అయితే నీరే మందు

చైనాలో తైజౌ ప్రాంతంలో ఏళ్ళ తరబడి పాత కంప్యూటర్లు విప్పి, కాల్చిన ఊళ్ళ దగ్గర పండిన బియ్యంలో సీసం, కాడ్మియం ఆ దేశపు పరిమితి దాటి ఉన్నట్టు పరిశోధకులు చూపించారు. బియ్యంలో కాడ్మియం ఏం చేస్తుందో జపాన్ అంతకు ముందే చూసింది. జింజు నది కింద, పై నుంచి గనుల మురుగు కలిసిన నీటితో పండిన అన్నం తిన్న ఆడవాళ్ళకి కిడ్నీలు పాడై, ఎముకలు పెళుసెక్కి విరిగేవి. ఆ నొప్పికి ‘ఇతాయ్ ఇతాయ్’, అంటే అబ్బా అబ్బా అని పేరు పడింది. 1968లో అక్కడి ప్రభుత్వం దాన్ని కాలుష్యం వల్ల వచ్చిన జబ్బుగా ఒప్పుకుంది. తిన్న కాడ్మియం కిడ్నీలో పది నుంచి ముప్పై ఏళ్ళ దాకా కూర్చుంటుంది.

మడిలో నీరు నిలిచి ఉన్నంతసేపు మట్టికి గాలి తగలదు, కాడ్మియం గంధకంతో కలిసి గడ్డకడుతుంది, వేరుకి అందదు. మడి ఆరిందా, గాలి తగిలి మళ్ళీ విడిపోతుంది. సరిగ్గా వెన్ను తీసి, గింజ పాలు పోసుకునే రోజుల్లో మడి ఆరితే కాడ్మియం నేరుగా గింజలోకి ఎక్కుతుంది. అందుకే జపాన్‌లో వెన్ను తీయడానికి మూడు వారాల ముందు నుంచి మూడు వారాల తర్వాత దాకా నీరు నిలపమని రైతులకి చెబుతారు. మీ మడికి కాలువ నీరో, చెరువు నీరో ఉంటే ఇదే చెయ్యండి. నీరు ఆదా చేయడానికి ఆరుతడి పద్ధతి మంచిదే, ఈ మడికి మాత్రం వద్దు. ఒక్క హెచ్చరిక: నీటిలో ఆర్సెనిక్ ఉన్న చోట నీరు నిలిపితే అది గింజలోకి ఎక్కువ వెళుతుంది, కనక బోరు నీరు వాడేవాళ్ళు నీటిని కూడా ఒకసారి చూపించుకోండి. కొండవాలున వాన మీదే బతికే మెట్ట వరికి ఈ మందు కుదరదు, అక్కడ మొక్కజొన్నకి మారడమే తెలివి.

పంట వచ్చాక మట్టితో ఆగకుండా బియ్యాన్నే పరీక్ష చేయించండి. మన దేశంలో బియ్యంలో కాడ్మియం కిలోకి 0.4 మిల్లీగ్రాము దాటకూడదు, ఆకుకూరల్లో 0.2. ఒక కిలో గింజ పంపిస్తే మట్టి చెప్పలేనిది అది చెబుతుంది. గడ్డి సంగతి గింజకంటే చెడ్డది, కాడ్మియం గడ్డిలోనే ఎక్కువ ఉంటుంది. ఆ గడ్డి పశువులకి వెయ్యకండి.

సున్నం, గత్తం

ఆమ్ల నేలలో లోహం వదులుగా ఉంటుంది. సున్నం వేసి పీహెచ్‌ని 6.5కీ 7కీ మధ్యకి తెస్తే కాడ్మియం మట్టిని పట్టుకుని ఉంటుంది. ఖర్చు పెట్టాల్సి వస్తే మొదట దీని మీద పెట్టండి. పీహెచ్ 5, 5.5 ఉన్న పెరటికి చదరపు మీటరుకి రెండు మూడు వందల గ్రాముల వ్యవసాయ సున్నం, నాట్లకి మూడు నాలుగు వారాల ముందు చల్లి, జానెడు లోతున కలిపి తడపండి. కృషి విజ్ఞాన కేంద్రం వాళ్ళు మీ మట్టికి ఇంత అని చెబితే వాళ్ళ లెక్కే తీసుకోండి. ఒడిశాలో ఆమ్ల నేలలకి కాగితం మిల్లు సున్నపు మడ్డి కూడా వాడతారు. చవక, పనిచేస్తుంది. అయితే లోహాల కోసం భయపడి వేస్తున్నాం కాబట్టి ఆ మడ్డికీ పరీక్ష రిపోర్టు అడగండి. సున్నం, యూరియా, పచ్చి గత్తం ఒకేసారి కలిపి వెయ్యకండి, నత్రజని గాలికి పోతుంది.

బాగా చివికిన గత్తం దండిగా వెయ్యండి, అది లోహాన్ని పట్టి ఉంచుతుంది. జింకు లోపం ఉన్న నేలకి జింకు సల్ఫేట్ వేస్తే, ద్వారం దగ్గర కాడ్మియానికి పోటీ పెరుగుతుంది. కార్డులో జింకు ఇప్పటికే ఎక్కువుంటే మాత్రం దాని జోలికి పోకండి. అమ్మోనియం సల్ఫేట్ నేలని ఇంకా ఆమ్లం చేస్తుంది, మానండి. సముద్రానికి దగ్గరున్న సోంపేట, ఇచ్ఛాపురం, గోపాల్‌పూర్ వైపు బోరు నీరు ఉప్పగా ఉంటే ఇంకో చిక్కు ఉంది. ఉప్పులోని క్లోరైడ్ కాడ్మియాన్ని పట్టుకుని మొక్కకి అందేలా చేస్తుంది. కూరకి తియ్యటి నీరే పెట్టండి.

సున్నం ఒకసారి వేసి మరిచిపోయేది కాదు. మన వానలకి మూడు నాలుగేళ్ళలో నేల మళ్ళీ మొదటికి జారుతుంది. ఏటా పీహెచ్ చూసుకోండి.

అంకె మరీ ఎక్కువైతే

పెరటి కోసమైతే పైన మడి కట్టుకోండి. కింద మందమైన పట్టా పరిచి, దాని పైన మూరెడు ఎత్తున బయటి నుంచి తెచ్చిన మంచి మట్టి, గత్తం పోయండి. పట్టాకి పక్కల నుంచి నీరు పోయేలా వాలు ఇవ్వాలి. చుట్టూ ఇటుకలు పేర్చండి. పాత రంగు చెక్కలు, టైర్లు, బ్యాటరీ డబ్బాలు వద్దు. మడి మధ్య దారుల్లో ఎండు గడ్డి పరిస్తే మట్టి చిమ్మదు.

పొలం ముక్క అయితే తినని పంటకి మళ్ళించండి. బంతి, చామంతి బరంపురం పూల బజారుకి పోతాయి. తీరం వైపు సరుగుడు, లోపల నీలగిరి కాగితం మిల్లులు కొంటాయి. ఆ కట్టెల్ని పొయ్యిలో పెట్టి బూడిద పెరట్లో పోస్తే మాత్రం చేసిన పనంతా వృథా.

మొక్కలతోనే మట్టిని శుభ్రం చేయొచ్చని విని ఉంటారు. ఆవ మొక్క సీసం, కాడ్మియం పీల్చి పైకి తెస్తుంది, నిజమే. కానీ ఒక పంట తీసేది మట్టిలో ఉన్నదానిలో చిటికెడు, నేల బాగుపడాలంటే దశాబ్దాలు పడుతుంది. పైగా కోసిన ఆ మొక్కని ఏం చేస్తారు? పశువుకి వెయ్యకూడదు, కాల్చకూడదు, గత్తం చెయ్యకూడదు. ఇంట్లో వాళ్ళెవరో ఆవ ఆకు తెంపి కూర వండితే అసలుకే మోసం. నా మటుకు వట్టివేరు మేలనిపిస్తుంది. అది లోహాన్ని చాలావరకు వేళ్ళలోనే ఉంచుకుంటుంది, మచ్చ చుట్టూ దట్టంగా వేస్తే వానకి మట్టి కొట్టుకుపోదు. ఆ వేళ్ళని మంచినీళ్ళ కుండలో మాత్రం వెయ్యకండి.

పిల్లలున్న ఇల్లు

సీసానికి ఇంత అయితే ఫరవాలేదు అనే మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. చిన్నపిల్లల మెదడు మీద దెబ్బ పడుతుంది. మడిలో తిరిగిన చెప్పులు గుమ్మం బయటే వదలండి, ఇల్లు పొడి చీపురుతో కాకుండా తడిగుడ్డతో తుడవండి, తిండికి ముందు చేతులు సబ్బుతో కడిగించండి. ఇనుము, కాల్షియం తక్కువున్న ఒంట్లోకి సీసం త్వరగా ఎక్కుతుంది. చోళ్ళలో (రాగి గింజల్లో) వంద గ్రాములకి మూడు వందల మిల్లీగ్రాముల పైనే కాల్షియం ఉంది కాబట్టి పొద్దున్నే చోడి అంబలి పెట్టడం మంచిదే. అది మందు కాదు, ఆసరా. కాల్చిన చోటికి దగ్గర్లో ఉంటే పిల్లలకి రక్తంలో సీసం పరీక్ష చేయించమని డాక్టర్ని అడగండి. ఎక్కువ వస్తే తప్పంతా పెరటిదే అనుకోకుండా పాత గోడ రంగులు, కల్తీ పసుపు కూడా చూడాలి.

కాల్చేవాళ్ళతో

మొదట మాట్లాడి చూడండి. ఆ పని చేసేది మన వాడలోని కుర్రాళ్ళే, పొగ ముందు పీల్చేదీ వాళ్ళే. “కాల్చిన రాగి నల్లబడితే రేటు తగ్గిపోద్ది కదా తమ్ముడూ, ఒలిచి అమ్మితే మెరుపుకి ఎక్కువిస్తారు, ఒలిచే కట్టరు కొనుక్కోరాదా” అంటే, విషం గురించి గంటసేపు చెప్పినదానికంటే తొందరగా ఎక్కుతుంది.

వినకపోతే కాలుష్య నియంత్రణ మండలికి అర్జీ పెట్టండి. 2022 నాటి ఈ-వ్యర్థాల నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి, రిజిస్ట్రేషన్ లేకుండా ఈ పని చేయకూడదు. బ్యాటరీలకి విడిగా 2022లోనే నిబంధనలు వచ్చాయి. ఒడిశా మండలికి బరంపురంలోనూ రాయగడలోనూ ప్రాంతీయ కార్యాలయాలున్నాయి. అర్జీ ఒడియాలో గానీ ఇంగ్లీషులో గానీ రాయించండి, తెలుగులో రాస్తే బల్ల మీదే ఉండిపోవచ్చు. సరిహద్దులో ఒక పేచీ వస్తుంది. మీ ఇల్లు ఆంధ్రలో, కాల్చే చోటు ఒడిశాలో ఉంటే ఒడిశా మండలికే పెట్టాలి, పాతపట్నం కాగితాలు పర్లాకిమిడిలో నడవవు. ఆ చోటు ఏ పంచాయతీ కిందికి వస్తుందో రెవెన్యూ వాళ్ళని అడిగి రాయండి. తేదీ పడే ఫొటోలు, మట్టి రిపోర్టు నకలు జత చేసి, మీ దగ్గరుంచుకునే కాపీ మీద ముద్ర వేయించుకోండి. అసలు రిపోర్టు ఎవరికీ ఇవ్వకండి.